బేతంచెర్ల బండకు గాల్వే చుట్టరికం

బేతంచెర్ల బండ పరవని ఊరు మన రాయలసీమలో అరుదు. ఇంటి ముందర అరుగు, పశువుల కొట్టం, బడి వసారా, పెళ్లిమండపం, ఎక్కడ చూసినా అదే. గనిలో పొరకీ పొరకీ మధ్య ఉలి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పలకలా విడివడి వచ్చే నాపరాయి అది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. నార్జి కడప జిల్లాలోని ఓ ఊరు. రాతికి ఆ ఊరి పేరు పెట్టింది ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వేలో చదువుకున్న విలియం కింగ్.

భారత భూగర్భ సర్వే శాఖ 1872లో కింగ్ రాసిన పెద్ద నివేదికను అచ్చువేసింది. దాని విషయం కడప, కర్నూలు శిలాశ్రేణులు. కొండల్లో డేరాలు వేసుకుంటూ, వాగుల ఒడ్డున బయటపడ్డ రాతి పొరలను ఒక్కొక్కటే గుర్తిస్తూ ఆయన ఈ నేలను చదివాడు. పొరలకు లండన్ పేర్లో, దొరల పేర్లో పెట్టలేదు. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు, పాపాఘ్ని, చెయ్యేరు అని మన ఊళ్ల పేర్లూ ఏర్ల పేర్లూ పెట్టాడు. నూటయాభై ఏళ్లు దాటినా ప్రపంచంలో ఎవరు ఈ రాళ్ల గురించి రాసినా ఆ పేర్లే వాడుతున్నారు. పులివెందుల దగ్గర కడప శ్రేణి పొరల మధ్యకు చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని తర్వాతి తరాలు లెక్క తేల్చాయి. అంత పాత నేలకు పొర పొరగా పద్దు రాసింది కింగ్.

ఆయన తండ్రి పేరూ విలియం కింగే. ఇంగ్లండ్ నుంచి వచ్చి 1849లో గాల్వే క్వీన్స్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరాడు. జర్మనీలో దొరికిన ఒక పుర్రె మనలాంటి మనిషిది కాదనీ, అది వేరే మానవజాతి అనీ వాదించి, 1863లో నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. అదే ఏడాది సెప్టెంబరులో కొడుకు కింగ్ తన సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి గొడ్డళ్లను బయటపెట్టాడు. ఆ చోటు వయసు ఇప్పుడు 15 లక్షల ఏళ్ల దాకా వెళ్లింది. మనిషి పుట్టుపూర్వోత్తరాల మీద ఒకే ఏడాది తండ్రి ఐరోపాలో, కొడుకు మన దక్షిణాదిన వేసిన అడుగులివి. ఇంతటి కథ నేను చూసిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఐర్లండ్ నుంచి ఈ పనికి వచ్చినవాడు కింగ్ ఒక్కడే కాదు. సర్వే శాఖను నిలబెట్టిన థామస్ ఓల్డ్‌హామ్ డబ్లిన్‌వాడు, 1851లో కలకత్తా వచ్చాడు. ఆయన తర్వాత 1876లో పగ్గాలు పట్టిన హెన్రీ మెడ్లికాట్‌ది గాల్వే ప్రాంతంలోని లొక్రే. గోండ్వానా అన్న మాటను భూగర్భ శాస్త్రానికి ఇచ్చింది ఆయనే. మెడ్లికాట్ తర్వాత 1887 నుంచి 1894 దాకా కింగ్. అంటే తొలి నలభై మూడేళ్లూ శాఖను నడిపిన ముగ్గురూ ఐర్లండ్‌లో చదివినవాళ్లే.

వాళ్లు విడిచి వచ్చిన ఐర్లండ్ ఎలాంటిది? 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షలకు పైగా ఓడలెక్కి వెళ్లిపోయారు. గాల్వే కాలేజీ తలుపులు తెరుచుకున్నది సరిగ్గా ఆ కరువు నడుమనే. ఒక వలస దేశం చదివించిన పిల్లలు, అదే పాలకుల కొలువులో, ఇంకో వలస దేశంలో బొగ్గూ ఖనిజాలూ వెతికారు. ఈ నిజాన్ని పక్కన పెట్టి వాళ్లను పొగడలేం. కింగ్ నివేదిక వచ్చిన నాలుగేళ్లకే సీమను ధాత నామ సంవత్సరపు కరువు పట్టింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు మంది తగ్గిపోయారు. నేల కింద ఏముందో పొర పొరగా తెలుసుకున్న ప్రభుత్వం, నేల మీది మనిషికి గింజలు అందించలేకపోయింది.

మళ్లీ మన బండ దగ్గరకే వస్తే, బేతంచెర్ల పక్కనే బిలస్వర్గం గుహలున్నాయి. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటి గురించి రాశాడు. 1884లో ఫుట్, సైన్యంలో పనిచేసే తన కొడుకుతో కలిసి అక్కడ తవ్వించాడు. దొరికిన ఎముకల్లో ఒక ఖడ్గమృగానిదీ ఉంది. దాన్ని పరిశీలించిన లిడెకర్ అనే శాస్త్రవేత్త 1886లో దానికి కర్నూలు పేరే పెట్టాడు. ఫుట్ ఇంగ్లిష్‌వాడే కానీ, శాస్త్రంలో ఆయన పని నేర్చిన బడి ఓల్డ్‌హామ్‌దే.

బురదలో ఎముకలు ఏరినవాళ్లు, డేరాలు మోసినవాళ్లు, ఏ కొండ వెనక ఏ వాగు ఉందో దొరలకు చూపించినవాళ్లు ఈ ఊళ్ల మనుషులే. వాళ్ల పేర్లు మనదాకా రాలేదు. బిలస్వర్గం దారిలో ఈ సంగతులు చెప్పే పలక ఒకటి పెట్టాలి. అందులో కింగ్ పేరూ, ఫుట్ పేరూ, ఊరి కూలీల సంగతీ ఉండాలి. ఆ పలకకు రాయి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు.