జామచెట్టు కొమ్మలు: ఎప్పుడు, ఎలా కత్తిరించాలి?

మన హాస్టల్లో చదివి వెళ్ళిన అన్నలందరికీ బోరింగు పక్కనున్న రెండు జామచెట్లు గుర్తుండే ఉంటాయి. కొన్నేళ్ళుగా వాటికి కాపు తగ్గిపోయింది. కొమ్మలు డాబా ఎత్తు పెరిగాయి. కాసిన నాలుగు కాయలూ పైన చిలకల పాలు, కింద పురుగుల పాలు. "కాయని చెట్లెందుకు, కొట్టేసి సైకిల్ షెడ్డు వేద్దాం" అన్న మాట వచ్చింది. మేము వార్డెన్ సారును ఒక్క ఏడాది గడువు అడిగాం. ఒకప్పుడు జామతోటలో పనిచేసిన మన కామాటి అన్న దగ్గర ఆ ఏడాది నేర్చుకున్నదే ఈ వ్యాసం.

జామను పేదవాని యాపిల్ అంటారు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా 'సి' విటమిన్ ఉంటుంది. నారింజలో ఉండేది 50 మిల్లీగ్రాముల ప్రాంతమే. ఇంత మేలైన పండు మన పెరట్లోనే ఉంటే పోగొట్టుకుంటామా?

కత్తిరిస్తే ఎందుకు కాస్తుంది?

జామ పూత కొత్త చిగుళ్ళ మీద వస్తుంది. కత్తిరించిన కొమ్మకు పక్కనుంచి కొత్త చిగుళ్ళు పుడతాయి, వాటితోపాటే మొగ్గలూ వస్తాయి. కత్తిరించకపోతే చెట్టు పైపైకి పోతుంది, లోపలికి ఎండ తగలదు, కాపు అందని చోటికి చేరుతుంది.

ఎప్పుడు?

ఫిబ్రవరి-మార్చిలో పూసినవి వానల్లో పండుతాయి. అవి చప్పగా ఉంటాయి, పండు ఈగ బెడద కూడా ఎక్కువ. జూన్-జూలైలో పూసినవి చలికాలంలో పండుతాయి. తియ్యదనం వాటిదే. అందుకే ఏప్రిల్ చివర నుంచి మే లోపు కత్తిరించాలి. వానాకాలపు కాపును వదులుకుంటేనే చలికాలపు కాపు బాగుంటుంది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. కొమ్మల నిండా పిందెలుంటే కత్తిరించడానికి తమ్ముళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఒక చెట్టును కత్తిరించి, రెండోదాన్ని అలాగే వదిలేద్దామని రాజీకి వచ్చాం.

ఎలా?

1. ముందుగా ఎండిన కొమ్మలు, పురుగు పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయాలి.

2. మొదలు నుంచి లేచే పిలకలను, నిటారుగా ఏపుగా పెరిగే నీటి కొమ్మలను తీసేయాలి.

3. చెట్టు నడుమ మరీ ఎత్తు పోయిన కొమ్మను తగ్గిస్తే లోపలికి వెలుతురు వస్తుంది.

4. మిగిలిన కొమ్మల చివరి రెమ్మలను సగం పొడవుకు కత్తిరించాలి.

5. లావు కొమ్మను రంపంతో ముందు కింది వైపు కొంత కోసి, తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే బరువుకు విరిగి బెరడు చీలుతుంది. గొడ్డలి వాడకూడదు.

6. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరు నీటిలో కరిగించి, రెండూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడాలి, ఇనుప పాత్ర పనికిరాదు.

ఎదిగిన జామచెట్టుకు ఎండాకాలంలో నీళ్ళు ఆపితే జూన్ పూత బాగా వస్తుంది. కాబట్టి మనం వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళినా చెట్టుకు నష్టం లేదు. జూన్‌లో వచ్చాక పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేస్తే చాలు.

ఫలితం

సెలవుల తర్వాత వచ్చి చూస్తే మోడులా ఉన్న చెట్టు నిండా చిగుళ్ళు, వాటి వెంట మొగ్గలు. కత్తిరించని చెట్టు కాయలు ఆగస్టులో పండాయి. కోసి చూస్తే చాలావాటిలో పురుగులే. పురుగు పట్టి రాలిన కాయలను చెట్టు కింద వదలకుండా ఏరి లోతుగా పూడ్చాం. లేకపోతే వాటిలోంచి మళ్ళీ ఈగలు పుడతాయి. కత్తిరించిన చెట్టు కాయలు డిసెంబరులో చేతికందే ఎత్తులోనే పండాయి. సంక్రాంతి సెలవులకు ముందు హాజరు పట్టీ పిలిచి, పేరుపేరునా ఒక్కో కాయ ఇచ్చాం. వార్డెన్ సారు తన కాయ తిని, సైకిల్ షెడ్డును గేటు పక్కకు మార్చమన్నారు. మరుసటి ఏప్రిల్లో రెండో చెట్టును కత్తిరించడానికి తమ్ముళ్ళే ముందుకొచ్చారు.

వార్షికోత్సవానికి వచ్చే అన్నలకు ఒక మనవి. మీరెక్కిన చెట్టు పొట్టిదైపోయిందని బాధపడకండి. ఇప్పుడు మూడో తరగతి తమ్ముడికి కూడా కాయ అందుతోంది. వచ్చేటప్పుడు వీలైతే ఒక మంచి జామ అంటు తీసుకురండి. గుంత మేము తవ్వి ఉంచుతాం.