లేని కొలత సున్న కాదు

వసంత్ కుంజ్‌లోని ఒక తల్లి ఆస్త్మా గల బిడ్డను ఆటకు పంపుటకు ముందు సెల్‌ఫోనులో గాలి నాణ్యతా సూచికను చూచుకొనును. ఆ అంకె వెనుక ఒక ప్రోగ్రాము పనిచేయుచుండును.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వివరములు, 2012లో ఆరంభమైన ప్రభుత్వ బహిరంగ సమాచార వేదిక ద్వారా, జేసన్ అను లిఖిత రూపమున కంప్యూటర్లకు అందుచున్నవి. ఈ రూపము పెట్టెలో పెట్టె వంటిది. వెలుపలి పెట్టెలో నమోదుల వరుస ఉండును. ఒక్కొక్క నమోదులో రాష్ట్రము, నగరము, కేంద్రము, కాలుష్య పదార్థము, దాని కనిష్ఠ, గరిష్ఠ, సగటు విలువలు ఉండును.

ప్రోగ్రాములో వెలుపలి పెట్టెకు ఒక అచ్చు, లోపలి నమోదుకు మరియొక అచ్చు సిద్ధపరచవలెను. పేర్లు అక్షరములుగా, విలువలు సంఖ్యలుగా ప్రతి గడికి రకమును నిర్ణయింపవలెను.

చిక్కంతయు కొలత అందనప్పుడే కలుగును. సమీపమందలి ఆర్.కె. పురం కేంద్రమునుండి కొలత రానిచో, అంకెకు బదులు ‘ఎన్.ఏ.’ అను అక్షరములు వచ్చును. సంఖ్యను మాత్రమే ఎరిగిన అచ్చు అచ్చట సున్నను ఉంచినచో, 2015 నాటి జాతీయ సూచిక ననుసరించి 0 నుండి 50 వరకు ‘మంచి’ గాలియే గదా! కొలవని గాలి మంచిదై, బిడ్డ ఆటకు వెళ్లును.

కావున విలువ గడిని ‘సంఖ్య ఉండవచ్చును, లేకపోవచ్చును’ అను రకముగా ప్రకటించి, లేనప్పుడు ‘కొలత అందలేదు’ అని తెరపై చూపవలెను. విశాఖపట్నపు నమోదుకును ఈ అచ్చే సరిపోవును.