నటుని ఆశువు

నాటకమున కవి వ్రాసిన మాట ఒకటియు, నటుడు పలికిన మాట మరియొకటియు అయినచో, దానిని మనవారు సాధారణముగా దోషముగనే యెంతురు. పాఠము మరచెనని నటుని నిందింతురు. లేదా తెరచాటున నిలిచి మాట అందించువానిని నిందింతురు. అయినను ఒక్కొక్కవేళ వ్రాతలో లేని ఆ మాటయే ప్రేక్షకుని మనస్సున కలకాలము నిలిచిపోవును. ఇట్లేల జరుగుచున్నది? ఆ మాట ఎక్కడనుండి వచ్చుచున్నది? దానిని రప్పించుటకు మార్గమేమైన కలదా? యౌవనద్వారమున నిలిచిన బాలబాలికలను గూర్చిన రెండు టెలివిజన్ నాటకములను ఆధారముగా గైకొని యీ ప్రశ్నలను శ్రోతలతో కలసి విచారింపదలచినాను. అందొకటి అమెరికా దేశపుది. రెండవది ఇంగ్లండు దేశపుది.

అప్పటికప్పుడు పుట్టు మాటకు మన భాషలో ఆశువని పేరు. ఆశువు తెలుగువారికి కొత్తది గాదు. అష్టావధానమును చూచినవారికి అప్రస్తుతప్రసంగము చేయు పృచ్ఛకుడు జ్ఞప్తియందుండును. అవధాని ఒక పద్యపాదమును మనస్సున నిలుపుకొని యుండగా ఈయన నడుమ దూరి పొంతనలేని ప్రశ్న వేయును. అవధాని దానికి చమత్కారముగా బదులు చెప్పవలెను. చెప్పుచునే పద్యమును చేజార్చుకొనరాదు. ఆ బదులు అప్పటికప్పుడు పుట్టినదే. కాని దాని వెనుక ఎన్నో యేండ్ల ఛందోభ్యాసము కలదు. బుఱ్ఱకథలో హాస్యపు వంత చెప్పువాడును ఇట్లే ఆ యూరి సంగతిని కథలో ఇమిడ్చి సభను నవ్వించును; కథ దారి మాత్రము తప్పనీయడు. కావున ఆశువనగా సాధన లేకుండ నోటికి వచ్చినది పలుకుట గాదు. ఈ సంగతిని ముందుగా గుర్తుంచుకొనవలయును.

రంగస్థలముపై ఆశువునకు గల చోటు కెమెరా ముందు సామాన్యముగా ఉండదు. ఏలయన, చలనచిత్రమున ఒక ఘట్టమును ఒక్క కెమెరాతో పలుమారులు తీయుదురు. మొదట ఇద్దరిని కలిపి తీయుదురు. పిదప ఒకని ముఖమును, ఆ పిదప రెండవవాని ముఖమును తీసి, ముక్కలను కూర్చుదురు. మొదటిసారి కుడిచేత పట్టిన గ్లాసు రెండవసారియు కుడిచేతనే ఉండవలెను. నటుడు నడుమ ఒక కొత్త మాట పలికినచో, ఎదుటివాని ముఖమును అంతకుముందే తీసియున్నందున ఆ మాటకు ప్రతిస్పందన దొరకదు. మాట ఎంత చక్కనిదైనను దానిని తీసివేయక తప్పదు. ఇదిగాక నటుడు నేలపై గుర్తు పెట్టిన చోటనే నిలువవలెను. లేనిచో దీపపు వెలుగు వానిపై పడదు. ఇట్లు యంత్రమే నటుని నోటికి తాళము వేయుచున్నది.

ఈ తాళమును తీయుటకు అమెరికావారు కనిపెట్టిన ఉపాయమును 'ఫ్రైడే నైట్ లైట్స్' అను నాటకమున చూడవచ్చును. ఇది 2006వ సంవత్సరమున ప్రారంభమై 2011 వరకు ఐదు భాగములుగా నడిచినది. టెక్సాస్ రాష్ట్రమున డిలన్ అను కల్పిత పట్టణము, అచటి ఉన్నతపాఠశాల ఫుట్‌బాలు జట్టు, ఆ బాలుర కుటుంబములు ఇందలి కథావస్తువు. బిస్సింజర్ అను పత్రికా రచయిత 1990లో ప్రకటించిన గ్రంథము దీనికి మూలము. పీటర్ బెర్గ్ దీనిని టెలివిజనుకు తెచ్చెను. జేసన్ కాటిమ్స్ రచనాభారమును వహించెను. చిత్రీకరణము ఆస్టిన్ నగర ప్రాంతమున, చాలవరకు నిజమైన ఇండ్లలోను వీథులలోను జరిగినది.

వీరు పాటించిన నియమములు మూడు. ముందుగా ఒత్తిగింపు లేదు. నిలువవలసిన చోటికి గుర్తులు లేవు. మూడు కెమెరాలు ఒక్కమారే పనిచేయును. నటుడెటు కదలిన అవి అటు కదలును. మాటను మార్చుకొను స్వేచ్ఛ నటులకు ఇచ్చిరి. మాటకును ప్రతిస్పందనకును వేరువేరు చిత్రీకరణలు అక్కరలేదు; పలికినవాని ముఖమును వినినవాని ముఖమును ఒక్క క్షణముననే దొరకును. ఈ పద్ధతియందలి కీలకమిదియే. శిక్షకుని పాత్రను ధరించిన కైల్ చాండ్లరును, ఆయన భార్యపాత్రను ధరించిన కానీ బ్రిటనును ఒకరి మాటపై ఒకరు మాట వేయుచు, సగములో ఆపుచు, చూపుతోనే వాక్యమును ముగించుచు నటించిరి. ఆ దాంపత్యము నిజమైనదిగ తోచుటకు ఈ స్వేచ్ఛ ఒక ముఖ్యకారణమని నా నమ్మకము. చాండ్లరునకు 2011లో ఎమ్మీ పురస్కారము లభించినది.

యౌవనవయస్కుల కథలకు ఈ స్వేచ్ఛ మఱింత అవసరము. ఆ వయసువారు వాక్యములను పూర్తిచేయరు. తాము చెప్పదలచినది తమకే తెలియదు. తెలిసినను పెద్దల యెదుట చెప్పరు. రచయిత వారికంటె ఇరువది ముప్పది యేండ్లు పెద్దవాడై యుండును గనుక వానికి తన బాల్యపు మాటలు తెలియునుగాని వారి మాటలు తెలియవు. సంపూర్ణమైన వాక్యమును బాలుని నోట పెట్టినచో ఆ బాలుడు రచయితవలె మాటలాడును. ఆ క్షణమున ప్రేక్షకుని నమ్మకము సడలును.

రెండవ ఉదాహరణము ఇంగ్లండునందలి 'అడాలసెన్స్'. ఇది నాలుగు భాగముల నాటకము. 2025 మార్చి 13న నెట్‌ఫ్లిక్స్ ద్వారా వెలువడినది. జాక్ థోర్నును, స్టీఫెన్ గ్రాహమును రచించిరి. ఫిలిప్ బారంటీని దర్శకుడు. పదమూడేండ్ల బాలుడొకడు తన పాఠశాలలో చదువు బాలికను చంపినాడను అభియోగముపై పట్టువడుట ఇందలి కథ. ప్రతి భాగమును నడుమ ఎక్కడను కత్తిరింపక, మొదటినుండి తుదివరకు ఒక్క బిగిని తీసిరి. కెమెరా ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారుచు, గదులు దాటుచు, వాహనము లెక్కుచు సాగును. ఇట్టి పనికి ఒత్తిగింపు లేకుండుట అసాధ్యము. అందుచే ఒక్కొక్క భాగమునకు మూడువారములు కేటాయించిరి. మొదటి వారము నటుల అభ్యాసము. రెండవ వారము యంత్రములతో కూడిన అభ్యాసము. మూడవ వారము చిత్రీకరణము, దినమునకు రెండుమారులు. మొదటి భాగమున రెండవ ప్రయత్నమును, నాలుగవ భాగమున పదునారవ ప్రయత్నమును గ్రహించిరి.

అమెరికావారి మార్గమునకు ఇది పూర్తిగా విరుద్ధము. అచట అభ్యాసమే లేదు. ఇచట అడుగడుగునకు అభ్యాసము. ఐనను ఇచటను ఆశువు పుట్టినది. అదెట్లో చెప్పెదను.

మూడవ భాగము దాదాపు అంతయు ఒక గదిలో నడుచును. నిర్బంధమునందున్న బాలుని ఎదుట మనశ్శాస్త్రవేత్తయగు స్త్రీ కూర్చుండి ప్రశ్నించును. బాలుడు ఓవెన్ కూపర్. స్త్రీ ఎరిన్ డోహర్టి. కూపరునకు నటన అంతకుముందు వృత్తి గాదు. భాగములలో మొదట చిత్రించినదియు ఇదియే. ఒకనాటి చిత్రీకరణమున, అలసియున్న ఆ బాలునకు నిజముగనే ఆవులింత వచ్చినది. వ్రాతలో ఆవులింత లేదు. కత్తిరించుటకు వీలులేని చిత్రీకరణము. ఆగినచో ఇంచుమించు ఏబది నిమిషముల శ్రమ వృథా యగును. డోహర్టి ఆగలేదు, ఆవులింతను చూడనట్లు నటింపను లేదు. నీకు నేను విసుగు పుట్టించుచున్నానా అను అర్థము వచ్చునట్లు, తన పాత్రకు తగిన స్వరముతోనే ప్రశ్నించినది. బాలుని పెదవులపై చిరునవ్వు మెరసినది. ఆ మాటయు, ఆ నవ్వును, ఆ ఆవులింతయు నేడు నాటకమున నిలిచియున్నవి.

ఈ చిన్న సంగతికి ఇంత విలువ యేల? నాటకము ఆద్యంతము ఒక ప్రశ్నను అడుగుచున్నది: ఎదుట కూర్చున్నవాడు పసివాడా, ఘోరమైన పని చేసినవాడా? ఆవులించినవాడు పసివాడే. కాని ఒక బాలిక మరణమును గూర్చి ప్రశ్నించుచుండగా ఆవులించి నవ్వినవాడు మనకు భయమును పుట్టించుచున్నాడు. ఒక్క క్షణమున ఆ రెండు రూపములును కానవచ్చినవి. ఏ రచయితయైనను దానిని కాగితముపై వ్రాసియుండిన కృతకముగ తోచియుండెడిదేమో.

మన పూర్వులు సాత్త్వికభావములను ఎనిమిదిగా లెక్కించిరి: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. ఇవి దేహము తనంతట ప్రకటించు చిహ్నములు. రసతరంగిణి రచించిన భానుదత్తుడు వీనికి తొమ్మిదవదిగా జృంభను, అనగా ఆవులింతను, చేర్చెను. ఆవులింతకు అలంకారశాస్త్రమున స్థానమేల యని నవ్వుకొనువారు ఈ మూడవ భాగమును ఒకపరి చూతురుగాక!

ఇచట ఆశువును చేసినదెవరు? బాలుడా? కాదు, వానికి ఆవులింత వచ్చినది, అంతే. దానిని గ్రహించి నాటకమున కలిపినది డోహర్టి. ఆమెకు తన పాఠము సంపూర్ణముగా వచ్చును. కావున పాఠమును జ్ఞప్తికి తెచ్చుకొను శ్రమ లేదు. ఆ మిగిలిన శ్రద్ధనంతయు ఎదుటివానిపై ఉంచగలిగినది. అవధాని చేయునదియు ఇదియే. అమెరికా నటులు గుర్తులు లేకుండుటచే పొందిన స్వేచ్ఛను, ఆంగ్లనటులు గుర్తులన్నియు జీర్ణమగుటచే పొందిరి. మార్గములు రెండు, గమ్యమొక్కటే. అది ఎదుటివానిని నిజముగా వినుట.

స్వేచ్ఛ యన్నప్పుడు హద్దు కూడ చెప్పవలసియున్నది. నాలుగవ భాగమున తండ్రిపాత్రను ధరించిన గ్రాహము తుదిఘట్టమున కుమారుని గదిలోనికి పోవును. ఒక చిత్రీకరణమునకు ముందు ఆయనకు తెలియకుండ ఆయన సొంత బిడ్డల చిత్రములను, ప్రేమవాక్యములతో కూడ, ఆ గదిలో ఉంచిరి. ఆయన దుఃఖము కట్టలు తెంచుకొన్నది. ఆయన పెద్దవాడు, చేయితిరిగిన నటుడు, ఆ పని చేసినవారు ఆయనకు ఆప్తులు. కావున అది తగియున్నది. కాని నిజమైన కన్నీరు కావలెనని చెప్పాపెట్టకుండ ఒక పసివానిని భయపెట్టుట కళ గాదు, క్రౌర్యము. అట్లే తన చమత్కారము కొరకు తోడినటుని మాటను మింగు నటుడు చేయునది ఆశువు గాదు, దొంగతనము.

రచయితకు ఇందు లోపము కలుగునా యని కొందరు శంకింతురు. కలుగదు. ఆవులింతకు అర్థము వచ్చినది థోర్ను, గ్రాహములు కట్టిన ఘట్టమువలననే. కట్టిన గోడ లేనిచో చిత్రమును వ్రేలాడదీయ చోటెక్కడిది? 2025 సెప్టెంబరున జరిగిన ఎమ్మీ సభలో గ్రాహమునకును, డోహర్టికిని, పదునైదేండ్ల కూపరునకును నటనకును, థోర్ను గ్రాహములకు రచనకును, బారంటీనికి దర్శకత్వమునకును పురస్కారములు లభించినవి. నటులలో ఆ గౌరవము పొందిన బాలురందు కూపరే మిక్కిలి పిన్నవాడు.

మన పాఠశాలలలోను కళాశాలలలోను ఏటేట నాటకములు ఆడించుచున్నారు. అధ్యాపకులు బాలురచేత పాఠమును వల్లెవేయింతురు, ఇది మంచిదే. దానికి తోడు ఒక్క సాధనమును నేను సూచింతును. పాఠము వచ్చిన పిదప ఒకనాడు ఇద్దరు బాలురను ఎదురెదురుగ కూర్చుండబెట్టి, ఎదుటివాడు పలికినది చెవినిబడిన తరువాతనే బదులు పలుకుమనుడు. ఒకడు తడబడినచో రెండవవాడు ఆ తడబాటునకే బదులు చెప్పుగాక. నవ్వినచో ఆ నవ్వునకే బదులు చెప్పుగాక. కొన్నాళ్ళకు వారు సభవైపు చూచి పాఠము అప్పగించుట మాని, ఒకరినొకరు చూచుకొందురు. అప్పుడు వ్రాసిన మాటయు క్రొత్తగ పుట్టినట్లే వినబడును.