మన కుర్రవాళ్ళు – ముఠాల అంకెలు

బడి పిల్లల కొట్లాటల సంగతి, ముఠాల సంగతి మన సంఘ సభలలో ఎప్పుడు ఎత్తినా ఒక మాట తప్పక వినబడుతుంది. "అవి మనవాళ్ళలో లేవండీ. మనవాళ్ళు నెమ్మదస్తులు. రామభజన చేసుకునేవాళ్ళం, మనకెందుకా గొడవలు?" అంటారు. ఆ మాట అనేవారు పెద్దలు, తోటలలో చెమటోడ్చి పిల్లలను పైకి తెచ్చినవారు. అయినా ఈ ఒక్క మాట దగ్గర మేము వారితో ఏకీభవించలేకపోతున్నాము. పదమూడవ యేట పట్టవలసిన జాగ్రత్తను పదిహేడవ యేటికి వాయిదా వేయిస్తున్నది ఈ మాటే అని మా అభిప్రాయం.

2013 ఆగస్టు నెలలో మన దేశపు హోం మంత్రిత్వ శాఖ, నిషేధింపబడిన రహస్య సంఘాల జాబితాను బయటపెట్టింది. మొత్తం 49 సంఘాలు. వాటిలో ఉన్నవారు 40,313 మంది అనీ, అందులో భారతీయ సంతతివారు 28,926 మంది అనీ ప్రకటించారు. పదిమందిలో ఏడుగురు! దేశ జనాభాలోనేమో మనం నూటికి ఏడుగురం. అది పోలీసువారు వేసిన లెక్క. దాని మంచిచెడ్డలు తరచి చూడదగినవే. కాని ఒక్క విషయం గమనించండి. ఆ 28,926 మందిలో తమిళులెందరు, తెలుగువారెందరు, మలయాళీలెందరు అన్న విభజన లేదు. ఠాణాలో ఇంటి భాష ఏమిటని ఎవరూ అడగరు. మన పిల్లవాడు తమిళ బడిలో చదివాడు, తమిళ సినిమాలు చూస్తాడు, వాని స్నేహితులు తమిళులు, వాళ్ళు నిలబడే బస్సు స్టాపులోనే వాడూ నిలబడతాడు. వాళ్ళను తాకిన ఆపద వీడిని తాకకుండా పోవడానికి ఏ రక్షరేకూ లేదు. మరొక సంగతి కూడా చెప్పాలి. పక్క ఇంటి తమిళ తల్లి కూడా "మావాళ్ళు అలాంటివాళ్ళు కాదు" అనే అంటున్నది.

ఈ ముఠాలకు పేర్లకంటె అంకెలే ప్రసిద్ధం: 04, 08, 36, ఇలా. ఇవి మన దేశం నుంచి మనవాళ్ళు తెచ్చుకున్నవి కావు, చీనా రహస్య సంఘాల సంప్రదాయం నుంచి దిగివచ్చినవి. మన పేరా రాష్ట్రంలోనే, లారుత్ తగరపు గనుల కోసం గీ హిన్, హై సాన్ అనే రెండు సంఘాలు 1861 నుంచి కొట్టుకుంటూ వచ్చాయి. ఆ యుద్ధాలను ఆపే నెపంతోనే ఆంగ్లేయులు 1874 జనవరి 20న పాంకోర్ ఒప్పందం చేసుకుని పేరాలో కాలుపెట్టారు. వారి వెంట తోటలు వచ్చాయి, తోటల కోసం మన తాతలు వచ్చారు. బాగాన్ డతో, రుంగ్కుప్ ప్రాంతాల కొబ్బరి తోటలలో మనవాళ్ళు స్థిరపడేనాటికే ఈ గడ్డమీద ముఠాలు పాతకాపులు. అయినా తోటలో ఉన్నంతకాలం ఆ అంకెలతో మనకు పెద్దగా పని పడలేదు. అది ఎందుచేత?

తోట బ్రతుకు స్వర్గమని మేము చెప్పబోము. దొర కేకలు, కంగాణి తిట్లు, జీతం రోజున కల్లు దుకాణం, ఆ రాత్రి లయంలో వినబడే ఏడ్పులు, ఇవన్నీ మన పెద్దలకు తెలిసినవే. ఆడవాళ్ళు తిన్న దెబ్బలను ఆ రోజుల్లో ఎవరూ హింస అనలేదు. కాని ఒక సదుపాయం ఉండేది. తెల్లవారుజామున తల్లిదండ్రులు పెరట్టుకు వెళ్ళిపోయినా, పిల్లవాడు ఎవరి కంటా పడకుండా పోయే చోటు తోటలో లేదు. పసివాళ్ళ కొట్టంలో ఆయా ఉండేది, బడిలో మాస్టారు ఉండేవారు, దారిలో ఏ పెద్దమ్మో, ఏ మామయ్యో ఎదురయ్యేవారు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. రబ్బరు పాలు గీసే పని తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నానికి ముగిసేది. పాలు తూకం వేయించి, అమ్మ ఒంటిగంటకో రెండుగంటలకో ఇంట్లో ఉండేది. పిల్లవాడు బడినుంచి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం, గుమ్మంలో మనిషి.

1980, 1990 దశకాలలో ఈ ఏర్పాటు చెదిరిపోయింది. రబ్బరు పోయి పామాయిలు వచ్చింది, కూలీల అవసరం తగ్గింది. పట్టణాల దగ్గరి తోటలు ఇళ్ళ స్థలాలుగా మారాయి. 1999లో ప్రభుత్వ కార్యాలయాలు తరలివచ్చిన పుత్రజయ నగరం, ప్రాంగ్ బెసార్ మొదలైన రబ్బరు తోటల నేలమీద కట్టినదే. అక్కడి కూలీ కుటుంబాలను డెంగ్కిల్‌లోని ఫ్లాట్లకు తరలించారు. ఇతర చోట్ల చాలామందికి అదికూడా దొరకక, పట్టణాల అంచున గుడిసెలలో తలదాచుకున్నారు. తోటలో ఇల్లు పోవడమంటే నాలుగు గోడలు పోవడం మాత్రమే కాదు. బడి, గుడి, ఆట మైదానం, పేరుపెట్టి పిలిచే ముసలివాళ్ళు అందరూ ఒకేసారి పోయారు. అమ్మ ఇప్పుడు ఫాక్టరీలో షిఫ్టు పని చేస్తున్నది, నాన్న లారీ నడుపుతున్నాడు.

ఇక్కడే మన పాఠకులు గడియారం వంక చూడాలని కోరుతున్నాము. అసలు సంగతంతా గంటలలో ఉన్నది.

చోటు చాలక మన సెకండరీ పాఠశాలలు చాలా కాలంగా రెండు పూటలు నడిపే అలవాటు ఉన్నది. అలాంటి చోట్ల పై తరగతులకు ఉదయం, చిన్న తరగతులకు మధ్యాహ్నం. అంటే రిమూవ్ క్లాసు, ఫారం 1, ఫారం 2 పిల్లలు, అనగా 12 మొదలు 14 ఏండ్లవారు, మధ్యాహ్నపు బడికి వెళతారు. ఉదయం ఆరున్నరకు అమ్మానాన్న పనికి వెళ్ళిపోతారు. పిల్లవాడు లేచేసరికి ఇల్లు ఖాళీ. పన్నెండు గంటల దాకా వానిని అడిగేవారు లేరు. ఫ్లాటు మెట్ల దగ్గర వానికంటె నాలుగేళ్ళు పెద్దవాడు, బడి మానేసినవాడు, మోటారు సైకిలు మీద కూర్చుని ఉంటాడు. సాయంత్రం ఆరున్నరకు బడి వదులుతారు. బస్సు స్టాపులో మళ్ళీ అతనే. రోజు మొత్తంలో వీడితో నవ్వుతూ మాట్లాడిన మొదటివాడూ చివరివాడూ అతనే అయితే, వీడు ఎవరి మాట వింటాడో చెప్పడానికి మనస్తత్వశాస్త్రం చదవనక్కరలేదు.

దీనికి రిమూవ్ క్లాసు మరొక బరువు. తమిళ ప్రాథమిక పాఠశాల నుంచి మలయు భాషలో నడిచే సెకండరీకి వెళ్ళేటప్పుడు, భాష చాలనివారు ఒక సంవత్సరం ఆ తరగతిలో ఆగిపోవాలి. మన ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం, ఆపైన మలయు. మూడవ భాషలో తడబడే పిల్లవాడు, తనతో ఆడుకున్నవాళ్ళు ఒక తరగతి ముందుకు పోవడం చూస్తాడు. తెలివితక్కువవాడినని తనకు తానే తీర్మానించుకుంటాడు. ఆ సంవత్సరంలో వాడు చదువులో ఓడినా, మరొకచోట గెలవాలని చూస్తాడు.

ముఠాలోకి ఎవరినీ మెడపట్టి లాగరు. మొదట కాంటీనులో ఒక పూట మీ గోరెంగ్ కొనిపెడతారు. తరువాత ఒక సిగరెట్టు. ఒకరోజు పై తరగతివాడు వీడి డబ్బులు లాక్కుంటే, "ఇకపై నీ జోలికి రారులే" అని ఆ మోటారు సైకిలు అన్న అభయమిస్తాడు. అన్నట్టుగానే మరునాడు వాడి జోలికి ఎవరూ రారు. తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ చేయలేని పని అతను ఒక్కరోజులో చేశాడు! భయం నుంచి రక్షణ దొరకడమే ముఠాకు తొలి మెట్టు. డబ్బు, గొప్ప ఆ తరువాతివి. ఆ ఋణం తీర్చడానికి ఒక పొట్లం చేరవేయమంటారు, ఒక కొట్లాటకు తలలు లెక్కకు రమ్మంటారు. పుస్తకాల సంచి మీద బాల్ పెన్నుతో ఒక అంకె కనిపించినా, ఇంట్లో ఎవరికీ తెలియని "అన్న" చావుకు వెళ్ళివస్తానన్నా, కొనివ్వని ఫోను చేతిలో ఉన్నా, ఆ రాత్రే కూర్చుని అడగవలసిందే.

చట్టం సంగతి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు గనుక మేము చెబుతున్నాము. 1966 నాటి సంఘాల చట్టం ప్రకారం నిషేధిత సంఘంలో సభ్యుడుగా ఉండడమే నేరం. 3 సంవత్సరాల వరకు జైలు, లేదా 5,000 రింగిట్ల వరకు జరిమానా, లేదా రెండూ. వ్యవస్థీకృత నేర ముఠాలో సభ్యుడని శిక్షాస్మృతి కింద తేలితే 5 మొదలు 20 సంవత్సరాలు. 2012లో వచ్చిన సోస్మా చట్టం కింద 28 రోజుల వరకు విచారణ కోసం నిర్బంధించవచ్చు. 18 ఏండ్లలోపువారిని 2001 బాలల చట్టం ప్రకారం ప్రత్యేక న్యాయస్థానంలో విచారిస్తారన్నది నిజమే, కాని పదిహేడున్నర ఏళ్ళ వయస్సు ఎంతోకాలం ఉండదు. పిల్లవాడు ఎవరినీ కొట్టి ఉండనక్కరలేదు. ఈ మాట పన్నెండేళ్ళ వయసులో వినవలసినది.

అన్ని దౌర్జన్యాలూ ముఠాలవి కావు. 2017 జూన్‌లో పెనాంగ్‌లో 18 ఏండ్ల భారతీయ యువకుడు దెబ్బలు తిని ఆసుపత్రిలో కన్నుమూసినప్పుడు, బడి రోజులనాటి వేధింపుల గురించి దేశమంతా మాట్లాడుకున్నది. 2025 అక్టోబరు 14న పెటాలింగ్ జయ, బండార్ ఉతామాలోని ఒక పాఠశాలలో 16 ఏండ్ల విద్యార్థిని కత్తిపోట్లకు బలికాగా, 14 ఏండ్ల విద్యార్థిపై హత్యానేరం మోపారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా గేటు దగ్గర సంచులు వెదకాలనీ, బెత్తం మళ్ళీ తీయాలనీ కేకలు లేస్తాయి. సంచి వెదికితే కత్తి దొరకవచ్చు, మంచిదే. కత్తి పట్టాలన్న ఆలోచన సంచిలో దొరకదు.

ఈ విషయంలో నార్వే దేశం చేసిన పని చెప్పుకోదగినది. 1982 చివరలో ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమని భావించారు. 1983లో దేశవ్యాప్తంగా ఉద్యమం మొదలుపెట్టారు. డాన్ ఓల్వేయస్ అనే ఆచార్యుడు బెర్గెన్ పట్టణపు బడులలో సుమారు 2,500 మంది పిల్లలను రెండున్నర సంవత్సరాలపాటు పరిశీలించగా, వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి. వారు చేసినదేమిటి? పేరు రాయకుండా పిల్లలచేత ప్రశ్నపత్రం నింపించి, ఎక్కడ, ఎప్పుడు వేధింపు జరుగుతున్నదో తెలుసుకున్నారు. విరామ సమయంలో పెద్దలు టీ గది వదిలి మైదానంలో నిలబడ్డారు. తరగతిలో వారం వారం దాని గురించి మాట్లాడించారు. కొట్టినవాని తల్లిదండ్రులనూ, దెబ్బలు తిన్నవాని తల్లిదండ్రులనూ పిలిచారు. ఇందులో మన తోట పెద్దమ్మ చేయని పని ఏదైనా ఉన్నదా? ఆమె ప్రశ్నపత్రం రాయించలేదు, అంతే తేడా. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం చేశారు, మన దేశంలోనూ 2025లో వేధింపులను శిక్షాస్మృతిలో చేర్చారు. చట్టాలు రావలసినవే. అయితే చట్టం పనిచేయాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి, మనమేమో పరువుకు జంకి ఫిర్యాదు చేయము.

పరువు సంగతి వచ్చింది గనుక నిష్ఠురంగానే అంటాము. బడినుంచి కబురు వస్తే తండ్రి మొదట చేసే పని బెల్టు తీయడం. రెండవది, "మావాడు అలాంటివాడు కాదు సార్" అని ఉపాధ్యాయునితో వాదించడం. ఈ రెండూ ఒకే సాయంత్రం జరుగుతాయి! ఇంట్లో దెబ్బ తిన్నవాడు ఎవరి మోటారు సైకిలు ఎక్కుతాడో వేరే చెప్పాలా? బడిలో కౌన్సెలింగు ఉపాధ్యాయుడు ఉంటారు. ఆయనను కలవడమంటే పిల్లవానికి పిచ్చి అని ఒప్పుకోవడం కాదు. ముఠా బెదిరింపు నిజంగా ఉంటే పాఠశాల మార్పు కోరవచ్చు, పై ఊళ్ళో ఉన్న మేనమామ ఇంటినుంచి చదివించవచ్చు. ఇంటిలోపలి హింస అయినా, పిల్లవాని ప్రాణభయం అయినా తలియాన్ కసీ 15999 నంబరుకు ఫోను చేయవచ్చు, ప్రాణాపాయమైతే 999.

బడి మానేసినవాడు చేజారిపోయినట్టు కాదు. షా ఆలంలోని మోంట్‌ఫోర్ట్ బాయ్స్ టౌన్, కలుంపాంగ్‌లోని మైస్కిల్స్ ఫౌండేషన్ అలాంటి కుర్రవాళ్ళకు చేతిపని నేర్పి నిలబెడుతున్నవి. దరఖాస్తు పెట్టడానికి తండ్రికి తీరిక, తెలివిడి లేకపోతే సంఘం శాఖ కార్యదర్శి పెట్టించవచ్చు.

మరి సంఘం చేయగలిగినది? 2001 మార్చిలో కంపుంగ్ మేడాన్‌లో పెళ్ళి పందిరి, పక్కనే చావు ఇల్లు, ఒక వీధి తగవు, కొన్నిరోజులలో ఆరుగురి ప్రాణాలు పోయాయి. ఇరుగుపొరుగు ఒకరి పేరు ఒకరికి తెలియని చోట పుకారే రాజ్యమేలుతుంది. 1975 నుంచి ఉన్న రుకున్ తెతాంగా సమితులలో మన పేటలనుంచి మనవాళ్ళు ఎందరు కూర్చుంటున్నారో శాఖలవారు ఒకసారి లెక్క చూడాలి. 1955లో పుట్టిన మన సంఘానికి గదులున్నవి, భజన మందిరాలున్నవి. తెలుగు తరగతులు మామూలుగా వారాంతంలో జరుగుతాయి. మిగతా రోజులలో ఆ తలుపులకు తాళమే. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, కిరాణీలు ప్రతి ఊరిలోనూ ఒకరిద్దరు ఉన్నారు. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు మధ్యాహ్నపు బడి పిల్లల కోసం ఆ గది తెరచి, ఒక క్యారం బల్ల, రెండు మలయు వ్యాకరణ పుస్తకాలు, ఒక డేగిశా నిండా అన్నం పెట్టడానికి అయ్యే ఖర్చు, ఉగాది వేదిక అలంకరణకు అయ్యేదానికంటె ఎక్కువ కాదు. సాయంత్రం ఆరున్నరకు ఇద్దరు మామయ్యలు బస్సు స్టాపు దాకా నడచి రావచ్చు. ఇలాంటి గది ఏ శాఖవారైనా తెరిస్తే, ఎందరు పిల్లలు వస్తున్నారో, ఎవరు రావడం మానేశారో మాకు రాయవలసిందిగా కోరుతున్నాము. పిల్లల పేర్లు వద్దు, ఊరు పేరు చాలు.