కారు లోన్‌కు కో-సైన్ చేసే ముందు

వాన్‌కు 2017 డిసెంబరులో సబ్‌వే వచ్చింది. అయినా గిడ్డంగుల్లో రాత్రి షిఫ్టుకు వెళ్ళాలంటే ఇప్పటికీ కారు ఉండాల్సిందే. కొత్తగా వచ్చిన కుర్రవాడికి ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి డీలర్ కో-సైనర్‌ను తెమ్మంటాడు. "అన్నా, ఒక్క సంతకం, కిస్తీలు నేనే కడతాను" అని అతను మన ఇంటికొస్తాడు. కాఫీ తాగే లోపు కాదనడం మనవాళ్ళకు చేతకాదు.

ఆ సంతకాన్ని చాలామంది మంచి నడవడికకు ఇచ్చే సిఫారసు లాంటిదనుకుంటారు. చట్టం దృష్టిలో అది అప్పే. కో-సైనర్ మొత్తం బాకీకి బాధ్యుడు, సగానికి కాదు. కిస్తీ తప్పితే బ్యాంకు ముందు ఆ కుర్రవాణ్ణి వెతకనక్కర్లేదు, నేరుగా మీ దగ్గరకే రావచ్చు. మన దేశంలోనూ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ హామీదారు గురించి ఇదే చెబుతుంది.

ఒక లెక్క చూద్దాం. బాకీ 24,000 డాలర్లు ఉండగా కిస్తీలు ఆగాయి, బ్యాంకు కారును పట్టుకుని వేలంలో 14,000కు అమ్మింది అనుకుందాం. మిగతా 10,000, దానిపై వడ్డీ, ఖర్చులు మీ నెత్తిన పడతాయి. కారు మీ ఇంటి ముందు ఒక్క రోజూ నిలబడి ఉండదు! అతను దివాలా తీసినా ఆ విడుదల అతనికే. ఫెడరల్ దివాలా చట్టం 179వ సెక్షన్ కో-సైనర్‌ను వదలదు. తప్పిన కిస్తీల మచ్చ మీ క్రెడిట్ రిపోర్టులో సుమారు ఆరేళ్ళు ఉంటుంది. ఈ లోపు మీరు ఇల్లు కొనాలనుకుంటే ఆ బాధ మీకే తెలుస్తుంది.

కో-సైన్ చేసినంత మాత్రాన కారు మీది కాదు. "యజమానిగా మీ పేరూ వేస్తాం" అంటే ఇంకా జాగ్రత్త. ఒంటారియో హైవే ట్రాఫిక్ చట్టం ప్రకారం, యజమాని అనుమతితో నడిపినవాడి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి యజమానీ బాధ్యుడే.

మీరు కట్టిన డబ్బు అతని నుంచి రాబట్టుకునే హక్కు మీకుంది. 2025 అక్టోబరు 1 నుంచి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు పరిమితి 50,000 డాలర్లు. దావాకు సాధారణ గడువు రెండేళ్ళే, మొహమాటంతో దాటబెట్టకండి. అతను హైదరాబాదు వెళ్ళిపోతే కథ వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద భారత ప్రభుత్వం గుర్తించిన దేశాల్లో కెనడా లేదు. ఇక్కడి తీర్పును అక్కడ నేరుగా అమలు చేయించలేరు, దాని ఆధారంగా కొత్త దావా వేయాలి.

ఇప్పటికే సంతకం పెట్టినవారు ఆ లోన్ ఖాతాను ఆన్‌లైన్‌లో చూసే ఏర్పాటు చేసుకోండి, ప్రతి నెలా చూడండి. ఏడాది రెండేళ్ళలో అతనికి క్రెడిట్ ఏర్పడగానే సొంత పేరుమీద రీఫైనాన్స్ చేయించమని అడగండి. బ్యాంకు ఒప్పుకుని రాతపూర్వకంగా విడుదల చేస్తే తప్ప మీ పేరు దానంతటది పోదు. ఇప్పటికే తగాదా వచ్చినవారు రసీదులు, బ్యాంకు నోటీసులు, వాట్సాప్ సందేశాలు తీసుకుని లైసెన్సు ఉన్న పారాలీగల్‌ను కలవండి. స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వారు మీ తరఫున వాదించగలరు.