ఒంటరి మాట

మా చిన్నతనమున బరంపురములోని మా యింటికి మగపెండ్లివారి నుండి తంతి వచ్చినది. అందు మా మేనత్త పెండ్లి ‘పుట్ ఆఫ్’ అని యున్నది. నిఘంటువు తీసి రెండు మాటలను విడివిడిగా వెదకితిమి. సంబంధము తప్పిపోయినదనుకొని నాయనమ్మ కన్నీరు పెట్టుకొన్నది. పొరుగింటి మాస్టరుగారు వచ్చి చదివి, “వాయిదా పడినదమ్మా, అంతే!” అన్నారు.

మన తెలుగు మాత్రము వేరా? ఈత కొట్టుదుము, గొప్పలు కొట్టుదుము, బడికి డుమ్మా కొట్టుదుము. ఎవరికైనను దెబ్బ తగిలినదా? ఇంగ్లీషులోను అంతే. ‘పుట్ ఔట్’ అనగా దీపమార్పుట. ‘పుట్ అప్ విత్’ అనగా సహించుట.

కావున తల్లులారా, పిల్లలచే ఒంటరి మాటల పట్టీలు వల్లె వేయింపకుడు. ప్రతి మాటను ఇంటి సంగతితో ఒక వాక్యమున చేర్చి పలికింపుడు. తోడున్న మాటయే మనసున నిలుచును, అవసరమునకు పలుకును.