పాదాజ్ఞయుఁ బెట్రోలు పొదుపును



మన పల్లెలలో నేఁడు ఎడ్లబండి యరుదైనది; మోటారు కారు పరిపాటియైనది. కొడుకో మనుమఁడో కారు నడుపుచుండఁగా మనము ప్రక్కఁ గూర్చుండి, "నాయనా! మెల్లఁగాఁ ద్రొక్కుము, పెట్రోలు వృథా యగును" అనుచుందుము. ఆ మాటలో నిజమెంత కలదో నేఁడు విన్నవింతును.

మొదట నొక యపోహను దొలఁగింపవలయును. యాక్సిలరేటరును ద్రొక్కఁగనే పెట్రోలు ధార పెరుగునని పలువురు తలఁతురు. డీసెలు బండి సంగతి వేఱు. పెట్రోలు కారులో మన కాలు తెఱచునది గాలిత్రోవను. ఇంజనులోనికిఁ బోవు గాలికి థ్రాటిల్ అను చిన్న రేకుతలుపు కలదు. అది చెఱువు తూమునకుఁ దలుపు వంటిది. లోనికిఁ బోయిన గాలి నెంచి, దానికిఁ దగినంత పెట్రోలును యంత్రమే చిమ్మును. తూకమున నొక పాలు పెట్రోలు చక్కఁగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును.

పూర్వపు కార్లలోఁ గాలిమెట్టునుండి యా తలుపువఱకు నొక యుక్కుతీఁగ యుండెడిది. లాగినంత తలుపు తెఱచుకొనెడిది. 1980వ దశకము చివర జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యు. కంపెనీవారి కార్లు కొన్నిటిలో నా తీఁగ పోయి, దాని స్థానమున విద్యుత్సంకేతము వచ్చినది. నేఁటి క్రొత్త కార్లలో నిదియే వాడుక. కాలు కోరిన దానిని సెన్సారులు చిన్న కంప్యూటరునకుఁ దెలుపును. అది యనుభవశాలియైన నీరటికాఁడు. రైతు కేక వేసినంతమాత్రమునఁ దూము నెత్తివేయక, కాలువ యెంత పట్టునో చూచి తెఱచును. మెట్టుకడ సెన్సారులు రెండుండును. ఆ యిరువురు సాక్షుల మాట పొసఁగనిచోఁ గంప్యూటరు శంకించి, బండి మెల్లఁగా నిల్లు చేరుటకుఁ జాలినంత శక్తినే యిచ్చును.

ఈ విచారణవలనఁ గొన్ని కార్లు త్రొక్కిన క్షణముననే యుఱుకవు. కుదుపు లేకుండుటకును, పొగ తగ్గుటకును జేసిన యేర్పాటిది. మా చిన్నవాఁడు దీనికి విసిగి, "నాన్నగారూ, బండి మందముగా నున్నది" అని, వేలకొలఁది రూపాయలు పోసి యొక చిన్న పెట్టెను దెచ్చి తగిలించెను. కారు చుఱుకైనట్లే తోఁచెను. నెల తిరుగునప్పటికిఁ బెట్రోలు ఖర్చు పెరిగినది! ఆ పెట్టె చేయున దేమనఁగా, కాలి మాటను పెంచి చెప్పుట. గిద్దెఁ డడిగినవానికి నరసోలెఁడు పోయును. గాదెలోని ధాన్యము మాత్రము గింజయుఁ బెరుగదు. ఇంజను బలము మునుపటిదే. కొన్ని కార్లలోని 'ఎకో' అను మీట దీనికి విపర్యయము. అంతే త్రొక్కినను గొంత తగ్గించి యిచ్చును. కాలు మఱింత నొక్కినచో నా పొదుపును బోవును. కావున మీటకన్నఁ గాలే ముఖ్యము.

పెట్రోలు పోవు చోట్లలో రెండు చెప్పుదును. వడిగా నుఱికించి వెంటనే బ్రేకు వేసినచో, డబ్బిచ్చి కొన్న వేగము బ్రేకులలో వేఁడియై పోవును. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగింపు నాలుగు రెట్లగును.

మఱియొకటి, ఇది ప్రాణములకు సంబంధించినది. తిరుమల కొండ దిగుచు, పెట్రోలు మిగులునని డ్రైవరుచే గేరు తీయించి న్యూట్రలులోఁ బెట్టించినవాఁడను నేనే. అది నా యజ్ఞానము. గేరులో నుండఁగాఁ గాలు తీసినచో, నేఁటి కారులోఁ గంప్యూటరు పెట్రోలును బూర్తిగా నాపివేయును. చక్రములే యింజనును ద్రిప్పును, ఇంజను బండిని బట్టి యుంచును. న్యూట్రలులోనో, ఇంజను ఆఱిపోకుండుటకై పెట్రోలు కాలుచునే యుండును. భారమంతయు బ్రేకులపైఁ బడి, యవి కాఁగి పట్టు తప్పవచ్చును. లాభమని తలఁచిన దానిలో నష్టమును బ్రమాదమును గూడ నున్నవి.

కావున నిఁకమీఁద మన పిల్లలకు నిట్లు చెప్పుదము: మెల్లఁగాఁ ద్రొక్కుము, దూరము చూచి ముందుగాఁ గాలు తీయుము, దిగునపుడు గేరు విడువకుము. తీఁగ పోయినను, బుద్ధి యంత్రమునకు వచ్చినను, ఆజ్ఞ మాత్రము నేఁటికిని నడుపువాని పాదముననే యున్నది.